అజంతా గుంపును ఆయిల్ రంగుల్లో దించబోతే

పోయినసారి నా వెనక గోడకు ఆనించి పెట్టిన ఏనుగుల బొమ్మ గురించి చాలామంది అడిగారు. ఇయ్యాల దాని సంగతే చెప్తా.

మాది పరిగి. ఇరవై ఏళ్లు బోర్డులు రాసి బతికినోణ్ణి. దుకాణాల పేర్లు, ఎలక్షన్ గుర్తులు, లారీల వెనక నెమళ్లు. ఫ్లెక్సీలు వచ్చినాక ఆ పని పోయింది. చెయ్యి మాత్రం ఊరుకోదు కదా. ఆయిల్ పెయింటింగ్ నేర్చుకుందామనుకున్నా. నేర్పేవాళ్లు ఎవరూ దొరకలే. పాత పద్ధతే పట్టుకున్నా: పెద్దవాళ్ల బొమ్మ ముందు పెట్టుకొని దించడం.

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లున్న గది ఒకటుంది. అక్కడ నిలబడ్డప్పుడే మనసు పడ్డది. నేను ఎంచుకున్నది పదిహేడో గుహలోని సింహళుడి దండయాత్ర. ఏనుగులు, గుర్రాలు, పడవలు, గొడుగులు, ఈటెలు, మనుషుల మీద మనుషులు. మొదటి పాఠానికి ఎవడైనా ఇది పట్టుకుంటడా? నేను పట్టుకున్నా.

ఈ పనిలో నాకంటే ముందు ఒకాయన ఉన్నాడు. మద్రాసు సైన్యంలో అధికారి, రాబర్ట్ గిల్. 1844లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఆయన్ని అజంతా చిత్రాలకు నకళ్లు తీయమని పెట్టారు. అప్పుడు అజంతా నిజాం రాజ్యంలో ఉండేది, మన పరిగి లెక్కనే. గిల్ కాన్వాసు మీద ఆయిల్ రంగులతో ఏళ్ల తరబడి ఆ గోడల్ని దించాడు. 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో మంటలు లేచి వాటిలో చాలా మటుకు కాలిపోయాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూల్ నుంచి జాన్ గ్రిఫిత్స్ విద్యార్థులను తీసుకొచ్చి మళ్లీ నకళ్లు తీయించాడు. 1885లో వాటిలోనూ కొన్ని లండన్‌లోనే కాలిపోయాయి. నా కాన్వాసు పాడైనప్పుడల్లా ఆ గిల్‌ను తలుచుకునేవాణ్ణి.

గళ్లు గీయడం నాకు కొత్త కాదు, గోడల మీద నాయకుల మొఖాలు అట్లనే పెంచేవాణ్ణి. పొరపాటు ఆ తర్వాత జరిగింది. ఎడమ మూల నుంచి ఒక్కొక్క మొఖం పూర్తి చేసుకుంట పోయినా. ఆరు వారాలకు పదకొండు మొఖాలు, చూడముచ్చటగా. కానీ గుంపు లేదు! బస్టాండుల పాస్‌పోర్ట్ ఫొటోలు అతికించినట్టుంది.

ఇంకోటి. ఎనామిల్ అలవాటు మీద మొదటి పూతలోనే లిన్సీడ్ ఆయిల్ ధారాళంగా పోసినా. ఆయిల్ రంగుల్లో కింది పూత పలచగా, టర్పెంటైన్‌తో ఉండాలె, నూనె పైపూతలకు పెరగాలె. నూనె ఎక్కువైతే కింది పూత ఆరదు. దాని మీద తొందరగా ఆరే పూత వేస్తే పగుళ్లు వస్తయి. వచ్చినయి. నాలుగడుగుల కాన్వాసు పోయింది. మా ఇంటామె చిట్టీ పైసలతో కొన్నది. ఆమె ఒక్కటే అన్నది: "ఇన్ని ఏనుగులు ఎవరు కొంటరు?" జవాబు లేదు.

రెండోసారి మొఖాల జోలికి పోలేదు. కళ్లు సగం మూసి చూస్తే ఏనుగులన్నీ కలిసి ఒక నల్లటి ముద్ద, గొడుగులు తెల్లటి చుక్కలు, ఈటెలు ఒకే వైపు వంగిన గీతలు. రా అంబర్ పలచగా కలిపి ఆ ముద్దలే ముందు పెట్టినా. అంతే, జనం కదిలిండ్రు! మొఖాలు చివర్ల వచ్చినయి, అవీ ముందువరుసలోయే. వెనకవాళ్లకు ఒక కన్ను, ఒక నుదురు చాలు.

ఒక్క విషయంలో మాత్రం బోర్డు రాసిన చెయ్యే నన్ను కాపాడింది. ఆయిల్‌లో అంచులు కరిగించడం గొప్ప అంటారు. అజంతా వాళ్లది గీత మీద నడిచే బొమ్మ, గీత పోతే అజంతా పోతది. నా అభిప్రాయం, తప్పైతే చెప్పండి. అందుకే వెనక అంచులు కరిగించి, ముందు వరుసకు సన్నకుంచెతో గీత ఉంచినా.

కుడి కింది మూల నాలుగు గుర్రాలు ఇంకా మిగిలున్నయి. నీలం ఆరాలె, మబ్బు పట్టి వారమైంది. ఆరినాక చూపిస్తా, ఉంటా మరి.