రక్తపు సీసా ప్రయాణము



గూడ్సు బండ్ల లెక్కలు వ్రాసుకొను మేము ఆసుపత్రి లాబొరేటరీని గూర్చి మాట్లాడుట వింతగా తోచవచ్చును. కాని రెండింటి జబ్బు ఒకటే. వాగను పట్టాలపై పరుగెత్తు కాలము కొంచెము, యార్డులో పడియుండు కాలము ఎక్కువ. రక్తపు సీసా సంగతియు అంతే. పరీక్ష యంత్రమునకు నిమిషముల పని. స్టాండు నిండువరకు, ప్యూను వచ్చువరకు, సంతకము పడువరకు గంటలు గడచును.

ఈ ఆలస్యము వలన ఫలితమే మారును. మందు కలపని సీసాలో, వేరుచేయక ఉంచిన రక్తమున చక్కెర గంటకు సుమారు 5 నుండి 7 శాతము తగ్గిపోవును. లెక్క తప్పినచో వైద్యమును తప్పును.

జపానులో టొయోటా మోటారు కంపెనీకి చెందిన తైచి ఓనో గారు వృథాను ఏడు రకములుగా లెక్కించిరి. వేచియుండుట అందులో ఒకటి. ఈ పద్ధతికి 1988లో అమెరికాలో ‘లీన్’ అను పేరు వచ్చినది. సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి పెద్దలు 2002లో జపాను వెళ్ళి, చూచి వచ్చి, తమ ఆసుపత్రిలో అమలుపరచిరి.

దీనికి ముందుగా కావలసినది క్రొత్త యంత్రము కాదు. స్టాండు నిండువరకు ఆగక కొద్ది సీసాలనే పంపవలెను. ప్రతి వస్తువునకు ఒక చోటుండవలెను. తప్పు జరిగినచో మనిషిని తిట్టక, పని నడచిన దారిని వెదకవలెను.

ఇందు మన వంతు కూడ కలదు. పొరుగు రాష్ట్రములో మన ఇంటిపేర్లు పొడి అక్షరములగును. ఒకే వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉండవచ్చును. అందుచేత సీసాపై చీటీని మంచము వద్దనే, మన ఎదుటనే అంటించుమని అడుగుదము. పూర్తి పేరు, వయస్సు మన నోటనే చెప్పి సరిచూచుకొందము.

సెలవు.