జాలి చాలదు, చదువు కావాలి
(యువజన సదస్సులో వైద్యవిద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



మైపాడు, కృష్ణపట్నం వంటి మన తీరగ్రామాల నుండి మెడికల్ కాలేజీలో చేరిన బిడ్డకు మొదటి సంవత్సరమే కష్టకాలం. చదవవలసినది కొండంత, నిన్న చదివినది నేడు గుర్తుండదు. ఇంటివారి అప్పు, ఊరివారి ఆశ కొంతకాలం మేలుకొలుపుతాయి. ఆ తరువాత అవే గుండెపై బరువవుతాయి. "నేనెందుకు చదువుతున్నాను?" అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది.

వేలూరు ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడర్ గారి కథ మీలో చాలామంది ఎరుగుదురు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు పురుషులు వచ్చి, ప్రసవవేదన పడుతున్న తమ భార్యలను కాపాడమని ఆమెను వేడుకొన్నారు. ఆమె తండ్రి వైద్యుడే గాని, పరపురుషుడు రావడానికి వారి ఆచారం ఒప్పుకోలేదు. ఆమెకా వైద్యం తెలియదు. ఆ ముగ్గురు తల్లులూ మరణించారు. ఆ రాత్రి ఆమెకు జాలి కొరవడలేదు, విద్య కొరవడింది. అందుకే ఆమె అమెరికాలో చదివి 1899లో పట్టా పొందారు. 1918లో వేలూరులో స్త్రీలకు వైద్యపాఠశాల తెరిచారు.

మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడండి. ఆయన సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగుల వ్యాధి కొద్దిరోజుల తేడాలో బలిగొన్నది. ఆయన మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లారు. ఏళ్ల తరబడి శ్రమించగా, ఆయన నడిపిన పరిశోధక బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. నేడు మన పల్లెల్లో గర్భిణీలకిచ్చే ఐరన్ మాత్రలలో ఆ ఫోలిక్ ఆమ్లమే ఉన్నది.

కాబట్టి విద్యార్థులారా, పాఠం విసుగు పుట్టించినప్పుడు దాని అంచున మీరెరిగిన ఒక మనిషి పేరు వ్రాసుకొనండి. రక్తహీనత పాఠం పక్కన మీ అక్క పేరు, ఊపిరితిత్తుల పాఠం పక్కన దగ్గుతో నిద్రలేని తాత పేరు. ఏనాడో చేయబోయే సేవకు ఈ చదువు కేవలం మెట్టు కాదు. ఈ రాత్రి చేయగల సేవ ఇదే. మనసు మరీ క్రుంగితే దాచుకొనక మీ గురువుతోనో, ఇంటి పెద్దలతోనో చెప్పుకొనండి.

పెద్దలారా, మీకును ఒక మనవి. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డను "మార్కులెన్ని? సంపాదన ఎప్పుడు?" అని అడుగకండి. "మనవాళ్లకు పనికివచ్చేది ఈసారి ఏమి నేర్చుకొన్నావమ్మా?" అని అడగండి. ఆ మాట బిడ్డను తిరిగి పుస్తకం ముందు కూర్చోబెడుతుంది.