గ్రంథ విమర్శ – చదువరి ధర్మము

(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండినవనగా బీరువాలు నిండినవని మాత్రమే అర్థము కాదు. చదివినవారి మనస్సులును కొంత నిండియుండవలెను. పుస్తకమును ఇంటికి గొనిపోయి గడువులోగా తిరిగి యిచ్చుట చందాదారుని మొదటి ధర్మము. చదివినదానిని గూర్చి ఆలోచించి, ఆ యాలోచనను తరువాతి చదువరికి ఉపకరించునట్లు చెప్పుట రెండవ ధర్మము. మొదటిదానికి జరిమానా గలదు గనుక అది కొంతవరకు నడచుచున్నది. రెండవదానికి జరిమానా లేదు గనుక మూలబడినది. ఆ రెండవ ధర్మమునకే విమర్శ యని పేరు.

విమర్శ యనగానే తప్పులెన్నుట యని పలువురి తలంపు. ‘వాడు వీనిని విమర్శించినాడు’ అన్నచో ‘నిందించినాడు’ అనియే వాడుకలో అర్థమైనది. పదమునకు మూలార్థము అది కాదు. విమర్శ యనగా లెస్సగా పరిశీలించుట. ఆ పదములోని ధాతువునకు స్పృశించుట యను అర్థము గూడ గలదు. గట్టున నిలిచి పంట అంచనా కట్టువాని మాటకును, చేలో దిగి వెన్ను చేతబట్టి గింజ నొక్కి చూచినవాని మాటకును ఎంత యంతరమో రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. గ్రంథము నిట్లు ముట్టి చూచినవాడే విమర్శకుడు.

పూర్వులు ఈ విషయమును చక్కగా విచారించిరి. వేయి సంవత్సరములకు పూర్వమున్న రాజశేఖరుడు తన ‘కావ్యమీమాంస’లో ప్రతిభ రెండు విధములనెను. కావ్యమును సృజించునది కారయిత్రి. కావ్యమును గ్రహించునది భావయిత్రి. చదువరికి గూడ ప్రతిభ యుండవలెననుటయే ఇందలి గొప్పతనము. కావ్యమును భావించువారిలో నాలుగు తెగలను గూడ చెప్పబడినది. ఏదియు రుచింపనివాడు అరోచకి. మంచిచెడ్డలు చూడక గడ్డితో గూడ మ్రింగువాడు సతృణాభ్యవహారి. ఒరుల గుణమును చూచి ఓర్వలేనివాడు మత్సరి. సారమునందే పట్టుదల గలవాడు తత్త్వాభినివేశి. ఈ నాల్గవవాడు వేయిమందిలో ఒక్కడు దొరకుట అరుదట! మొదటి మువ్వురు ఏ యూర నైనను కావలసినంతమంది గలరు. నాల్గవవానిని తయారుచేయుటకే గ్రంథాలయము లుండవలెను.

ఔచిత్యమును గూర్చి ప్రత్యేకముగ గ్రంథము వ్రాసిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దివాడు. ఆయన కాళిదాసుని పద్యములను ఔచిత్యమునకు ఉదాహరణములుగ చూపెను; అనౌచిత్యమునకును ఆ కాళిదాసునే చూపెను. కవి మహాకవి యైనంత మాత్రమున ప్రతి పద్యమును మహాపద్యము కాదనియు, ఒక పద్యము తప్పినంత మాత్రమున కవి చిన్నవాడు కాడనియు దీనివలన తెలియవలెను.

తెలుగుసీమవాడైన కోలాచల మల్లినాథసూరి పంచమహాకావ్యములకు వ్యాఖ్యానములు రచించి, మూలములేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు నియమము పెట్టుకొనెను. వ్యాఖ్యాతకు చెప్పిన ఈ నియమము విమర్శకునకు మరింత అవసరము. గ్రామలెక్కలలో ఆధారము లేని అంకె యొక్కటి పడినచో జమాబందీలో నిలువదు. విమర్శలోను అంతియే. ‘ఈ నవల అద్భుతము’ అన్నచో ఏ పుటలో, ఏ ఘట్టములో అని అడిగినవానికి వెంటనే చూపగలుగవలెను. చూపలేని మెప్పు ముఖస్తుతి. చూపలేని తప్పు అపవాదు.

ఆధునిక కాలమున తెలుగు విమర్శకు క్రొత్త త్రోవ చూపినవారిలో కట్టమంచి రామలింగారెడ్డిగారు ముఖ్యులు. 1914లో వెలువడిన వారి ‘కవిత్వతత్త్వ విచారము’ పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయ, ప్రభావతీప్రద్యుమ్నములను విమర్శించిన గ్రంథము. అంతకుముందు ప్రబంధములను గూర్చి మాటాడువారు అలంకారములను, వర్ణనలను, శబ్దచమత్కారమును ప్రధానముగ చూచుచుండిరి. రెడ్డిగారు కథ యెట్లు కట్టబడినది, పాత్రల స్వభావమెట్టిది, భావనాశక్తి యెంత అని ప్రశ్నించిరి. ప్రశ్న మారినంతనే గ్రంథము క్రొత్తగ కనిపించినది. వారి అభిప్రాయముల నన్నింటిని అంగీకరింప నక్కరలేదు. అంగీకరింపనివారును పలువురు గలరు. కాని వారితో వాదింపదలచినవాడు సైతము కళాపూర్ణోదయమును మరల తెరచి చదువవలసివచ్చెను. చదువరిని మరల మూలమునకు పంపునదే మంచి విమర్శ. మూలమును చదువ నక్కరలేదనిపించునది ఎంత పాండిత్యముతో వ్రాసినను కొరగానిది.

వేమన విషయము మరియొక దృష్టాంతము. ఆయన పద్యములు జనుల నాలుకలపై నుండినను పండితులు చాలకాలము వానిని ఆదరింపలేదు. బ్రౌను దొర 1829లో వానిని అచ్చు వేయించెను. దాదాపు నూరేండ్ల తరువాత, 1928లో, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనపై ఉపన్యాసము లిచ్చి ఆ కవిని గంభీరముగ పరిశీలించిరి. సంస్కృతమునందును సంగీతమునందును ప్రవీణులైన పండితులు ఆటవెలదుల వేమనకు సరియైన పీట వేసిరి. విమర్శకుడు పీఠమును చూచి కవిని ఎన్నరాదు. కవిని చూచి పీఠము వేయవలెను.

ఇక అభ్యాసక్రమము. మొదట గ్రంథమును ఆనందముకొరకే చదువవలెను. తప్పులు వెదకుచు చదివినవానికి తప్పులే దొరకును. రెండవ పర్యాయము కలము, కాగితము దగ్గర నుంచుకొని చదువవలెను. ఆ కాగితము వేరుగ నుండవలెను సుమా! గ్రంథాలయ పుస్తకముల అంచులపై తన అభిప్రాయములు గీయు విమర్శకునకును చెదపురుగునకును భేదము స్వల్పము.

చదివిన పిమ్మట గ్రంథకర్త ఏమి చేయదలచెనో రెండు వాక్యములలో వ్రాయవలెను. ఇది సులభమని తోచును గాని ఇదియే కష్టము. నీతి చెప్పదలచిన శతకమును భారతముతో తూచరాదు. పిల్లల కథను ప్రబంధముతో తూచరాదు. బంగారమునకు, బెల్లమునకు తూనికరాళ్లు వేరు. తలపెట్టిన పని యెట్టిదో తెలిసిన తరువాత అది నెరవేరినదా అని విచారింపవలెను. పిదప ఆ పని చేయదగినదేనా అని విచారింపవలెను. ఈ మూడు ప్రశ్నలు వరుస తప్పినచో విమర్శ త్రోవ తప్పును.

ఉదాహరణమునకు ‘కన్యాశుల్కము’ చదివినవాడు ‘హాస్యము బాగున్నది’ అని వ్రాసినచో అది నిజమే గాని విమర్శ కాదు. హాస్యము ఎచ్చటనుండి పుట్టినదని అడుగవలెను. గిరీశము మాటలలో ఇంగ్లీషు ఎందుకు దొరలును? ఎదుటివానిని భ్రమింపజేయుటకు. ఒక్కొక్క పాత్ర మాట ఒక్కొక్క తీరున ఎందుకు నడచును? ఆ మాటయే ఆ మనిషి గనుక. నవ్వించు కథ క్రింద బాలికలను అమ్ముకొను దురాచారమున్నది గనుక ఆ నవ్వు చివరకు గుండెలో గ్రుచ్చుకొనును. ఇంతవరకు వచ్చినప్పుడు విమర్శ మొదలైనది. అప్పారావుగారు ఈ నాటకమును 1897లో ప్రకటించి, తృప్తి చెందక చాలవరకు మార్చి 1909లో మరల ప్రకటించిరి. రెండు ప్రతులను ప్రక్కప్రక్కన బెట్టుకొని చదువుట విమర్శ నేర్వగోరువానికి గొప్ప పాఠశాల. ఒక మహారచయిత తన రచనకు తానే ఎట్టి విమర్శకుడయ్యెనో అందు కనబడును.

తనకు రుచింపకపోవుట వేరు, గ్రంథమునందు దోష ముండుట వేరు. కాకరకాయ చేదుగ నున్నదని వంటవానిని నిందింపరాదు, మాడినచో నిందింపవచ్చును. ఈ వివేకము లేనివాడు తన నాలుకను విమర్శించుకొనవలెను గాని గ్రంథమును కాదు.

పల్లెలలో విమర్శకు ఒక చిక్కు గలదు. శతకము వ్రాసినవాడు వరుసకు బావమరది యగును, లేదా పొరుగింటి వాడగును. అప్పు చేసి అచ్చు వేయించి, ఇంటింటికి తెచ్చి యిచ్చును. పీఠికలో పండితులొకరు ఆయనను పోతనతో పోల్చియుందురు. అట్టి గ్రంథమును గూర్చి ఏమి వ్రాయవలెను? పొగడినచో మువ్వురికి నష్టము. నేర్చుకొనవలసిన కవి ఇక నేర్వవలసినది లేదని తలంచును. నమ్మి చదివినవాడు మోసపోయి, మరునాడు నిజమైన మంచి గ్రంథమును పొగడినను నమ్మడు. గ్రంథాలయమునకున్న కొలదిపాటి సొమ్ము దానికి పోయి, పిల్లలు చదువవలసిన పుస్తకము కొనబడకపోవును. ఎగతాళి చేసినచో నష్టము నాల్గవది: క్రొత్త కలము విరిగిపోవును.

దీనికి మార్గ మొక్కటియే. నూరు పద్యములలో నిలువగల పది పద్యములున్నచో వానిని పేరుపేరున చూపి ఏల నిలుచునో చెప్పవలెను. తక్కినవి ఏల నిలువవో మృదువుగ, కాని దాచక చెప్పవలెను. వ్యక్తిని ముట్టరాదు; పద్యమును విడువరాదు. కవి ముందు వరుసలో కూర్చుండి వినుచుండగా చదువలేని మాట వ్రాయరాదు. కవి వినుచున్నాడను మొగమాటముచే వ్రాయవలసిన మాటను మానరాదు. ఈ రెండు నియమములును పాటించినవాని విమర్శకు కవి ఆనాడు నొచ్చుకొన్నను, పిదప కృతజ్ఞుడగును.

కావున ఈ రజతోత్సవ సందర్భమున ప్రతి గ్రంథాలయమునందును అభిప్రాయముల పుస్తక మొక్కటి ఏర్పరచుట ఉచితము. గ్రంథము పేరు, ముద్రణ సంవత్సరము, గ్రంథకర్త తలపెట్టిన పని, అది నెరవేరిన తీరు, ఆధారముగ పుటల సంఖ్యలు, ఎట్టివారు చదువదగినదో ఒక్క మాట, క్రింద చేవ్రాలు: ఇంతమాత్రము చాలును. పేరు చెప్పనివాని అభిప్రాయమును చేర్చుకొనరాదు. క్రొత్త పుస్తకములు కొనుటకు ముందు కార్యవర్గమువారు దీనిని తిరుగవేయవలెను. నేడు పాఠశాలలో చదువు బాలిక పది వాక్యములతో మొదలిడినను, పదేండ్లు వ్రాసినచో ఆమె వాక్యములకు ఊరెల్ల చెవియొగ్గును.

చదువరులు ఎట్టివారో గ్రంథములును అట్టివే పుట్టును. గడ్డిని, గింజను ఒక్క విలువకే కొను బజారునకు గింజ తెచ్చువా డుండడు. వేయిమందిలో ఒక్కడని రాజశేఖరుడు చెప్పిన ఆ నాల్గవ తెగవాడు ఈ బీరువాల నడుమనుండి ఒక్కడు వెలువడినను, ఇరువదియైదు వత్సరముల కృషి ఫలించినట్లే.

స్వస్తి.