బిడ్డ నోరు విప్పగల తరగతి గది
(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగకాలమంతా మేము దస్త్రాల నడుమ గడిపాం. 'బడి మానినవారు' అనే గడిలో అంకె వేస్తే మా పని ముగిసేది. ఆ అంకె వెనుకనున్న ముఖాలను పదవీ విరమణ తర్వాత, ఇంటింటికీ తిరిగినప్పుడే చూశాం.

ఒక బాలిక ఐదో తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివింది. దగ్గరలో ఉర్దూ ఉన్నత పాఠశాల లేక, ఆరో తరగతికి తెలుగు మాధ్యమంలో చేరింది. మొదటి వారంలోనే పాఠం చదవమన్నారు. 'పళ్ళు'ను 'పల్లు' అన్నది. తరగతి నవ్వింది, ఉపాధ్యాయుడూ నవ్వాడు. నెల తిరగకముందే ఆమె బడి మానింది. "పిల్లకు చదువు రాక కాదు భాయీ, ఆ నవ్వులు ఓర్చుకోలేక" అన్నది తల్లి.

6–14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడికి వెళ్లనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ తెలిపింది. పేదరికం పెద్ద కారణమే. అయితే పేదరికాన్ని తట్టుకున్న బిడ్డ కూడా అవమానం దగ్గర కుంగిపోతున్నది.

"గుండె గట్టి చేసుకో" అన్నంత మాత్రాన మనోస్థైర్యం రాదు. తప్పు చెప్పినా తనను ఎవరూ తక్కువ చేయరన్న నమ్మకం కుదిరితేనే వస్తుంది. ఉపాధ్యాయుడు బిడ్డ పేరును సరిగా పలకాలి. తొలి నెలల్లో జవాబును ఉర్దూలో చెప్పనిచ్చి, రెండు భాషలూ తెలిసిన తోటి విద్యార్థి సాయంతో తెలుగులో చెప్పించాలి. వీటికి నిధులు అక్కరలేదు.

ఇది మనం అడిగే దయ కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతోపాటు మానసిక వేధింపునూ నిషేధించింది. బిడ్డ భయాందోళనలు లేకుండా నేర్చుకోవాలనీ, వీలైనంతవరకు మాతృభాషలో బోధన ఉండాలనీ 29వ సెక్షన్ చెబుతున్నది. 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడువంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. ఆ కుర్చీల్లో మనం ఎందరం కూర్చున్నాం?

మన తప్పూ ఉన్నది. బిడ్డ ఏడుస్తూ వస్తే "మన నుదుట చదువు లేదు" అని పనిలో పెడుతున్నాం. ఉపాధ్యాయుణ్ణి కలిసి మాట్లాడటం లేదు.

ఆ తల్లిని వెంటబెట్టుకుని మేము బడికి వెళ్లాం. ఉపాధ్యాయుడు తన పొరపాటు ఒప్పుకున్నాడు. బాలిక తిరిగి వచ్చింది. కానీ చదవమంటే, లేచే ముందు ఇప్పటికీ ఒకసారి చుట్టూ చూస్తుంది. ఏ బిడ్డా అలా చూడనవసరం లేని తరగతి గది కోసం, వచ్చే కమిటీ సమావేశానికి మనమందరం వెళదాం.