ఎర్రగుడి బండలు – మన యాత్ర



మన సంఘంవారు ఎర్రగుడి పోయి అశోకుని శాసనాలు చూచివచ్చిన సంగతి నాలుగు మాటల్లో చెప్పమన్నారు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో, గుత్తి నుండి పత్తికొండ పోయే దారికి దగ్గరగా ఉన్నదీ చోటు. పక్కనున్న జొన్నగిరి పేరు చెబితే తొలకరి వానకు వజ్రాలు వెదికే చేలే మనకు గుర్తొస్తాయి. అంతకన్నా విలువైన అక్షరాలు ఈ బండలమీద 2,200 ఏండ్లకు పైగా ఎండకూ వానకూ ఓర్చుకొని ఉన్నవి.

అశోకుని 14 పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ ఒకేచోట ఉండడం ఇక్కడి విశేషం. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ఆ లిపిని 1837 ప్రాంతంలో జేమ్స్ ప్రిన్సెప్ చదివి లోకానికి తెలిపినా, ఈ బండలు పండితుల కంటబడింది 1920ల చివర. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, కొన్ని కుడి నుండి ఎడమకు, చేలో మడక తిరిగినట్లు చెక్కి ఉన్నవి.

తల్లిదండ్రులకు, పెద్దలకు సేవ చేయాలని ఆ శాసనం చెబుతుంది. శిష్యులకు పూర్వాచారం నేర్పవలసినవారిలో ఏనుగులెక్కేవారితోబాటు ‘కరణకుల’ను కూడా చేర్చినారు. కరణకులంటే రాతకోతలవారు, అనగా మన గుమాస్తాలే! ముప్పైయేండ్లు ఫైళ్లు రాసిన నాకు ఆ మాట వినగానే ఒళ్లు పులకరించింది.

ఇక ఆరవ శాసనం. భోజనంచేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా ప్రజల పని తనకు తెలపవచ్చునని రాజు అంటాడు. ఒక్క సంతకానికి నెలల తరబడి తిరిగిన మనవారికి ఈ మాట విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఎనిమిదవ శాసనం యాత్రల గురించే. పూర్వపు రాజులు వేటకు, విహారానికి పోయేవారట. అశోకుడు పట్టాభిషేకమైన పదేండ్లకు బోధివృక్షమున్న చోటికి పోయి, అప్పటినుండి ధర్మయాత్రలు సాగించినాడు. వాటిలో చేసే పనులేమిటంటే శ్రమణులను, బ్రాహ్మణులను దర్శించి దానమివ్వడం, వృద్ధులను చూచి బంగారమివ్వడం, పల్లెజనాన్ని కలుసుకోవడం.

మనకు బంగారమిచ్చే శక్తి లేదు. చూచివచ్చే కాళ్లు మాత్రం కొందరికింకా ఉన్నవి. బస్సెక్కలేక ఇంట్లోనే ఉండిపోయిన సభ్యులున్నారు. కుటుంబ పింఛను మీద ఒంటరిగా బతికే అమ్మలున్నారు. వేలిముద్రలు అరిగి యంత్రం గుర్తించక, జీవన ధ్రువపత్రం అందక పింఛను ఆగితే వారి మందులు ఎవరు కొంటారు? సెల్‌ఫోనులో ముఖం చూపి పత్రమిచ్చే సౌకర్యం వచ్చింది గానీ, ఆ ఫోను పట్టుకొని గడప తొక్కేవాడు కావాలి గదా.

కనుక నా మనవి ఒక్కటే. ఏటా ఆ పత్రాల గడువుకు ముందు మనలో ఇద్దరిద్దరు చొప్పున అటువంటి ఇండ్లకు పోదాము. మనుమలను వెంట తీసుకొని పోతే ఫోను పని వారు చూసుకుంటారు. ఇప్పటిదాకా విహారయాత్రలు చేసినాము, ఇకమీదట ధర్మయాత్రలు కూడా చేద్దాము. ఈ ప్రతిపాదనను కార్యవర్గం దయతో ఆమోదించవలెనని కోరుతూ సెలవు తీసుకొనుచున్నాను.