స్త్రీల నిస్సత్తువ - రక్తంలోని ఇనుము

మన ఇండ్లలో స్త్రీకి కలిగే అలసటను ఎవరూ జబ్బుగా లెక్కించరు. జ్వరం వస్తే మంచం వేస్తారు, దెబ్బ తగిలితే కట్టు కడతారు. కాని పొద్దెక్కకముందే కాళ్ళు లాగుతున్నవనీ, కడవ ఎత్తితే ఆయాసం వస్తున్నదనీ, కూర్చుని లేస్తే కళ్ళు చీకట్లు కమ్ముతున్నవనీ ఒక ఇల్లాలు చెప్పుకొంటే, "ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలే" అన్న మాటే ఆమెకు దొరికే జవాబు. ఆ మాట అనేది కూడ తరచుగా మరొక స్త్రీయే.

ఉరవకొండ వంటి కరువు సీమలో ఈ అలసటకు కారణం వేరే వెదకనక్కరలేదని తోచవచ్చును. వేరుశనగ చేనిలో కలుపు తీయుట, చెట్లు పీకుట, కాయలు వలచుట, ఇంటికి వచ్చి నీళ్ళు మోయుట, నేతపని గల ఇండ్లలో మగ్గానికి నూలు సిద్ధం చేయుట - ఇంత చాకిరి చేసిన మనిషి అలసిపోదా అంటారు. అలసిపోతుంది. కాని పని వలన కలిగిన అలసట ఒక రాత్రి నిద్రతో చాలవరకు తీరవలెను. తెల్లవారి లేచినప్పుడు కూడ, నెలల తరబడి, ఒళ్ళు బరువుగానే ఉంటే దానికి మరొక కారణం ఉన్నదేమో చూడవలెను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంతకు ముందు 2015-16లో ఆ సంఖ్య 60. అన్ని ఏండ్లలో తగ్గినది రమారమి ఒక్క పాలు.

రక్తహీనతకు కారణాలు పెక్కు ఉన్నవి. వానిలో మనవారు నోరు విప్పి చెప్పుకోనిది అధిక ఋతుస్రావం. సాధారణంగా ఒక నెలసరిలో పోయే రక్తం 30, 40 మిల్లీలీటర్లు. 80 దాటితే అధికమని వైద్యులు చాలాకాలంగా లెక్క కట్టినారు. ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. నెలకు 120 మిల్లీలీటర్ల రక్తం పోయే స్త్రీకి 60 మిల్లీగ్రాముల ఇనుము, అనగా దినానికి రెండు మిల్లీగ్రాముల చొప్పున పోతున్నదన్నమాట. శరీరం మామూలుగా కోల్పోయే ఇనుము దీనికి అదనం. మన భోజనం నుంచి ఒంటికి పట్టేదా, ఒకటి రెండు మిల్లీగ్రాములు మాత్రమే.

బోరుబావుల సంగతి ఎరిగిన ఈ జిల్లావారికి దీనిని వివరించి చెప్పనవసరం లేదు. కురిసినదానికంటె తోడినది ఎక్కువైతే ఏమవుతుందో మనం కళ్ళారా చూచినాము. నీళ్ళు పైకి వస్తూనే ఉంటవి, లోపల ఊటలు ఎండిపోతుంటవి. అట్లే ముందుగా శరీరపు నిలువలు తరిగిపోయిన తరువాత గాని హిమోగ్లోబిన్ పడిపోదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 12 గ్రాములకంటె తక్కువైతే రక్తహీనత అంటారు. ఆ హద్దు దాటకమునుపే నిలువలు ఖాళీయై, మనిషి నీరసించవచ్చును. ఫెరిటిన్ అనే పరీక్ష ఆ నిలువలను తెలుపుతుంది.

ఎంత పోతే ఎక్కువ? కొలిచి చూచేవారు ఎవరూ లేరు. తల్లికి ఎట్లుండేనో కూతురికీ అట్లే ఉంటే అదే సహజమనుకొంటారు. ఏడు దినాలు దాటి స్రావం ఆగకపోవుట, గంటకు రెండు గంటలకు గుడ్డ మార్చవలసి వచ్చుట, అందుకోసం రాత్రి నిద్రలేచుట, రూపాయి బిళ్ళకంటె పెద్ద గడ్డలు పడుట, ఆ దినాలలో కూలికి పోలేకపోవుట - వీనిలో ఏ ఒక్కటి ఉన్నా వైద్యునికి చెప్పుకోవలెను. మట్టి, బలపాలు, పచ్చిబియ్యం తినవలెనన్న కోరిక కూడ ఇనుము లోపానికి గుర్తు కావచ్చును. పచ్చిబియ్యం నమిలే పిల్లను, పెండ్లినాడు వాన కురుస్తుందని పెద్దలు బెదిరిస్తారు. అనంతపురం జిల్లాలో అది ఎంతటి బెదిరింపో నేను చెప్పలేను గాని, ఆ పిల్లను మందలించుటకు బదులు రక్తపరీక్ష చేయించుట మేలు.

ఆహారం మాటకు వస్తే, మన నేలలో పండేవి తీసివేయదగినవి కావు. సజ్జలలో, ఉలవలలో బియ్యంలో కంటె ఇనుము చాలా హెచ్చు. ఆకుకూరలు ఉన్నవి. అయితే గింజలలోని, ఆకులలోని ఇనుము ఒంటికి సులభంగా పట్టదు. నిమ్మరసమో, ఉసిరికాయో, జామపండో తోడైతే మరికొంత పడుతుంది. భోజనం కాగానే టీ త్రాగితే ఆ కొంచెమూ తగ్గిపోతుంది. కనుక టీకి ఒక గంట, రెండు గంటలు ఎడం ఉంచవలెను. మాంసం తినే ఇండ్లలో కాలేయం, వేటమాంసం మేలైనవి, వానిలోని ఇనుము త్వరగా పడుతుంది. కాని ఆ ముక్కలు మగవారి విస్తళ్ళు దాటి చివర భోంచేసే ఇల్లాలి వరకు మిగులునా అన్నది వైద్యశాస్త్రానికి అందని ప్రశ్న.

ఒకసారి నిలువలు ఖాళీ అయిన తరువాత ఆహారం ఒక్కటే చాలదు. మాత్రలు వాడవలెను. 2018లో ఆరంభమైన రక్తహీనత నిర్మూలన కార్యక్రమం క్రింద యౌవనంలోని పిల్లలకు నీలిరంగు మాత్ర, పెద్ద స్త్రీలకు ఎర్రరంగు మాత్ర వారానికొకటి నిర్ణయించినారు. అది లోపం రాకుండా కాపాడుటకు. లోపం ముదిరినవారికి ఆ మోతాదు చాలదు, వైద్యుడు వేరుగా నిర్ణయించవలెను. మాత్ర వేసుకొంటే మలం నల్లబడుతుంది, కొందరికి వికారం, మలబద్ధకం కలుగుతవి. వేడి చేసిందని పారవేయకండి. రాత్రి పడుకొనేటప్పుడు వేసుకొనుట, దినం విడిచి దినం వేసుకొనుట వంటి మార్గాలను వైద్యుడు చెప్పగలడు. హిమోగ్లోబిన్ సరిపడిన తరువాత కూడ సుమారు మూడు నెలలు మానరాదు. నిలువలు నిండవలెను గదా! మాత్రలు పసిపిల్లల చేతికి అందనీయకండి, ఎక్కువ మ్రింగితే ప్రాణాపాయం.

ఇంతవరకు చెప్పినది నింపుట గురించి. కారుటకు కారణం కూడ చూడవలెను గదా. గర్భసంచిలో గడ్డలు, థైరాయిడ్ లోపం, కాపర్ టీ, చిన్నవయస్సు పిల్లలలో రక్తం గడ్డకట్టే గుణంలో పుట్టుకతో వచ్చిన లోపం - ఏదైనా కావచ్చును. మన రాష్ట్రంలో మాత్రం కారణం తెలియకమునుపే గర్భసంచి తీసివేయించుకొనుట ఒక అలవాటైనది. 2015-16 సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 8.9 మందికి ఆ ఆపరేషన్ జరిగినట్లు తేలింది. దేశం మొత్తంమీద అది 3.2 మాత్రమే. "పిల్లలు పుట్టినారు, ఇక దానితో పనేమి" అనే మాట ఎంత తేలికగా అంటారో! ముప్పది దాటీ దాటని వయస్సులో గర్భసంచితోపాటు అండాశయాలు కూడ తీసివేస్తే ఎముకలు, గుండె నష్టపోతవి. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే మార్పులు త్వరపడవచ్చును. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు పరచవలెనని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించినది.

ఆపరేషన్ తప్పనిసరియైన జబ్బులు లేకపోలేదు. కాని స్రావం తగ్గించుటకు ఆ దినాలలో మాత్రమే వాడే ట్రానెక్సామిక్ ఆమ్లం మాత్రలు ఉన్నవి, హార్మోను మందులు ఉన్నవి, గర్భసంచిలో అమర్చే హార్మోను సాధనం ఉన్నది. ఇవి అందరికీ ఒకే విధంగా సరిపడవు, వైద్యుడు చూచి ఈయవలెను. కనుక ఆపరేషన్ మాట ఎత్తిన వైద్యుని, "స్కానింగులో ఏమి కనిపించినది? మందులతో ప్రయత్నించి చూచినామా? అండాశయాలు ఉంచుతారా?" అని అడుగుటకు వెనుకాడవద్దు. ఆసుపత్రికి పోయేముందు మూడు నెలల పాటు గోడమీది క్యాలెండరులో స్రావం మొదలైన తేదీ, ఆగిన తేదీ, దినానికి ఎన్ని గుడ్డలు మార్చినదీ గుర్తుపెట్టుకొని, ఆ కాగితమే వెంట తీసికొని పోవచ్చును. చదువు రాకున్నా గీతలు గీసికొంటే చాలును.