మిషిన్ మనదైతే సాలదు, మరమ్మతు గూడ మనదే కావాలె

(వరంగల్‌ల కుట్టుపని శిక్షణ ముగింపు సభల చేసిన ప్రసంగ పాఠం)



వరంగల్‌ల నిలబడి బట్ట గురించి మాట్లాడుకుంట ఆజంజాహి మిల్లును తలుసుకోకుంట ఉండలేం. 1934ల పుట్టిన మిల్లు 2002ల మూతపడ్డది. పోయింది గోడలు, మిషిన్లే గాదు. మిషిన్ సప్పుడు విని రోగం చెప్పే ఫిట్టర్ల విద్య గూడ చెదిరిపోయింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. ఇయ్యాల ఆ మూడింటి పక్కన నాలుగో మాట పెడుతున్న: నేర్పు. పని నేర్పు, పనిముట్టును బాగుచేసుకునే నేర్పు.

ఎందుకంటున్న? అప్పు తెచ్చి మిషిన్ కొంటం. జూన్‌ల బడి యూనిఫాంలు కుట్టేటప్పుడో, పెండ్లిండ్ల దినాలల్లనో అది ఆగుతది. మెకానిక్ వచ్చేదాక చేతులు కట్టుకొని కూసుంటం. మిషిన్ ఆగుతది గాని అప్పు మిత్తి ఆగదు. మిషిన్ మనదే, పెత్తనం మాత్రం ఇంకొకరిది. ఈ బాధ మనకు కొత్త గాదు గద!

కొనే ముందు చూడుండ్రి

బట్టల కంపెనీలు కొత్త మిషిన్లు దించినప్పుడు పాతయి అమ్ముతయి. ఒంటి సూది జూకీ డీడీఎల్-8700 అసొంటి మిషిన్ నిమిషానికి 5,500 కుట్ల దాక పోయేటట్టు చేసింది. ఇంటి పనికి అంత ఉరుకుడు అక్కెరలేదు. నూనె సక్కగ పోసినోళ్ల చేతుల ఉన్న మిషిన్ పాతదైనా ఏండ్లకేండ్లు నడుస్తది. పాతది కొనుడు తప్పు గాదు, చూడకుంట కొనుడు తప్పు.

పోయేటప్పుడు మీ సూది, మీ దారం, మీ బట్ట ముక్కలు పట్టుకపోండ్రి. మోటర్ బంద్ పెట్టి చక్రాన్ని చేత్తోని తిప్పుండ్రి. చుట్టంత ఒక్క తీరుగ తిరగాలె. ఒక్క జాగల పట్టేస్తే లోపల ఏదో వంగింది, లేకుంటే అరిగింది. సూది పట్టుకున్న కడ్డీని అటు ఇటు ఊపుండ్రి. ఊగితే ఆ మిషిన్ వదిలేయుండ్రి. తల ఎత్తి అడుగు చూడుండ్రి: తుప్పు ఉన్నదా, నూనె నల్లగ జిగురు పట్టిందా? ఆఖరికి రెండు మడతల కాటన్, నాలుగు మడతల జీన్స్ కుట్టి చూడుండ్రి.

మోటర్ మీది పట్టీ తప్పకుంట చదువుండ్రి. ఫ్యాక్టరీల మోటర్లు చాలావరకు త్రీఫేజ్, 415 వోల్టులయి. మన ఇంట్ల వచ్చేది సింగిల్ ఫేజ్, 230 వోల్టులు. సగం ధరకు దొరికిందని తెచ్చుకొని, ఇంట్ల మోటర్ తిరగక తలపట్టుకునేది ఇక్కడనే. మోటర్ మార్చే ఖర్సు గూడ కలిపి బేరమాడుండ్రి.

సూదితోని మొదలువెట్టుండ్రి

కుట్టు దాటినా, దారం తెగినా ముందుగాల మార్చవల్సింది సూది. ఈ మిషిన్లకు డీబీ×1 సూది, గుండ్రటి మొదలు ఉంటది. ఇంటి మిషిన్ల చదును మొదలు సూది వీటికి పనికిరాదు. పొడుగు గాడి ఎడమ దిక్కు ఉండాలె, దారం ఎడమ నుంచి కుడికి ఎక్కియ్యాలె. బట్ట అడుగున దారం ఉండలు కడితే అందరు బాబిన్‌నే తిడుతరు. తప్పు చాలాసార్లు పై దారానిది. అది టెన్షన్ పళ్లాల నడుమ సక్కగ కూసున్నదా చూడుండ్రి.

సూది మార్చినా కుట్టు దాటితే హుక్ చూడాలె. ప్లగ్గు పీకి చక్రం చేత్తోని తిప్పుండ్రి. సూది కిందికంట పోయి 2 మిల్లీమీటర్లకు కొంచెం అటు ఇటుగ పైకి లేసినప్పుడు, హుక్ మొన సూది కన్నుకు కొంచెం పైన, సూది నడిమికి రావాలె. రెండిటి నడుమ సందు సన్న కాయితం మందం దాటద్దు. మొన విరిగినా మొద్దువారినా హుక్ ఒక్కటే మార్చుకోవచ్చు, మిషిన్ పారేయనక్కర లేదు.

నూనె మిషిన్ తెల్ల నూనెనే. కొబ్బరినూనె పోస్తే జిగురయి పట్టేస్తది. నడిచేటప్పుడు పైన అద్దంల నూనె ఎగురుతున్నదా లేదా కనిపెట్టుండ్రి.

మోటర్ మార్చుకుంటె

పాత క్లచ్ మోటర్ స్విచ్ వేసినప్పటి నుంచి తిరుగుతనే ఉంటది. మనం బట్ట సర్దుకున్నా, దారం ఎక్కిచ్చినా మీటర్ నడుస్తనే ఉంటది. సర్వో మోటర్ కాలు నొక్కినప్పుడే తిరుగుతది. వేగం ఇంతకు మించద్దని కట్టడి గూడ పెట్టుకోవచ్చు, కొత్తగ నేర్సుకునే పిల్లలకు భయం పోతది. సింగిల్ ఫేజ్‌ల దొరుకుతది.

ఇంట్లదే సింగిల్ ఫేజ్ క్లచ్ మోటర్ ఉండి, సర్వోకు పైసలు లేకపోతే మోటర్ పుల్లీ చిన్నది చేయుండ్రి. 100 మిల్లీమీటర్లది తీసి 50ది పెడితే వేగం సగమైతది, జీన్స్ మీద గూడ బలం పెరుగుతది. బెల్టు గూడ పొట్టిది కావాలె. నడిమి నొక్కితే ఒక సెంటీమీటర్ దాక లోపలికి పోవాలె. బెల్టు మీది మూత తీయకుండ్రి. చీర కొంగు, జడ దగ్గరికి రానియ్యకుండ్రి. ఎర్త్ వైర్ లేకుంట మోటర్ నడపకుండ్రి.

మనం అడగవల్సింది

కుట్టుడు నేర్పే ప్రతి శిక్షణల వారానికి ఒక పూట మిషిన్ విప్పుడు నేర్పాలె. మండలానికి ఒక పానాల పెట్టె, అందరు వాడుకునేటట్టు ఉండాలె. ఐటీఐ తమ్ముల్లు సెలవు దినాల ఊర్లకు పోయి ఆడబిడ్డలకు నేర్పాలె. ఉద్యోగ మిత్రులు మీ సంఘాల తరఫున ఒక్కో పెట్టె ఇయ్యవచ్చు. 2017ల గీసుగొండ దిక్కు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన అయింది. అసొంటి జాగలల్ల మన బిడ్డలు కుట్టేటోళ్లుగనే ఉండిపోతరా, మిషిన్లు నడిపిచ్చే ఫిట్టర్లుగ గూడ నిలవడతరా? రాష్ట్రం తెచ్చుకున్న చేతులు పానా పట్టలేవా? పడుతయి. పట్టాలె.

జై తెలంగాణ!